24 రంధ్రాల మీట

సందేహం: మా బడి కంప్యూటర్ గదికి కొన్న సామాన్ల పట్టికను తెలుగులో రాయమన్నారు. హబ్‌ను కేంద్రకం అనీ, స్విచ్‌ను మీట అనీ, రౌటర్‌ను మార్గనిర్దేశకి అనీ రాశాను. మోడెమ్‌కు మాట దొరక్క అలాగే వదిలేశాను. '24 రంధ్రాల మీట – 1' అన్న వరుస చూసి స్టాఫ్ రూమంతా నవ్వింది. ఇందులో తప్పేముంది? ఇంతకీ అది రౌటరా, రూటరా?
– ఒక ఉపాధ్యాయిని, చిత్తూరు

సమాధానం: అమ్మా, మీ ఉత్తరం చదివి నేనూ నవ్వాను, క్షమించాలి. మీట అంటే నొక్కేది. గోడకున్న లైటు స్విచ్‌కు ఆ మాట చక్కగా సరిపోతుంది. మీ గదిలో కంప్యూటర్ల తీగలు గుచ్చడానికి పెట్టిన డబ్బాను ఎవరూ నొక్కరు. ఇంగ్లీషు మాట కనబడగానే నిఘంటువు తెరవడం, మొదటి అర్థాన్ని దించేయడం. వస్తువు ఏం పని చేస్తుందో చూసే తీరిక ఎవరికీ లేదు. ఈ జబ్బు మీ ఒక్కరిదే అయితే ఇంత బాధపడను.

రేణిగుంట లాంటి జంక్షన్‌లో రైలును ఒక పట్టా మీంచి ఇంకో పట్టా మీదికి మళ్లించే ఏర్పాటు ఉంటుంది. మనం పాయింట్లు అంటాం, అమెరికా వాళ్లు స్విచ్ అంటారు. మీ డబ్బా ఆ వంశానిది. మళ్లించేదానికి తెలుగులో మాట కోసం ఎక్కడికో పోనక్కర్లేదు. మీ చిత్తూరు కయ్యల్లోనే ఉంది: మడవ.

నా చిన్నతనంలో పాకాల దగ్గర మా పెదనాన్న రాత్రిపూట నీళ్లు కట్టడానికి పోతుంటే లాంతరు పట్టుకుని వెంట పోయేవాణ్ణి. కయ్య నిండిందో లేదో ఆయన కంటితో చూసేవాడు కాదు. గెనిమ గట్టు మీద నడిచి దూరపు మూలకు పోయి కాలు దించేవాడు. చీలమండ తడిసిందా, నిండినట్టే. వెనక్కొచ్చి రెండు పారల మట్టి, ఒక గడ్డిపెళ్ల అడ్డం వేసి మడమతో తొక్కేవాడు. కాలవలో నీళ్లు ఒక్క క్షణం నిలబడి, ఉబ్బి, పక్క కయ్యకు తెంచిన గండిలోకి తిరిగేవి. ఆ గండే మడవ. అటు మూసి ఇటు తెరవడం మడవ తిప్పడం. తమిళంలో మడై అన్నది దీనికి చుట్టం. మడి, మడుగు కూడా ఆ ఇంటివేనని నా నమ్మకం. ఎవరైనా కాదంటే తగాదాకు రాను.

నెట్ గురించి మనవాళ్లు మాట్లాడే తీరు ఎప్పుడైనా విన్నారా? "పొద్దున్నుంచీ నెట్ రావడం లేదు." "సన్నంగా వస్తోంది." "పై ఇంటికి బాగా వస్తోంది, మాకే రావడం లేదు." నెట్ అంటే వల కదా, వల వస్తుందా, పోతుందా? వలను విసురుతాం, లాగుతాం, చిరిగితే అల్లుకుంటాం. రావడం, పోవడం, సన్నబడటం నీళ్ల లక్షణం. పండితులు అంతర్జాలం అని వల పన్నుతుంటే, జనం నోట అది ఎప్పుడో కాలవైపోయింది. జాలానికి వల, గుంపు, కిటికీ, మొగ్గ అని అమరకోశం అర్థాలు చెప్పింది, వాటి జోలికి ఇప్పుడు పోను. అంతర్జాలంతో నాకు పేచీ లేదు, రాసుకోండి. "మా ఇంట్లో అంతర్జాలం రావడం లేదు" అని నిజంగా ఎవరైనా అంటే మాత్రం చెప్పండి, వెళ్లి చూసి వస్తాను. (కాళహస్తిని పక్కనే పెట్టుకుని ధూర్జటి సాలీడును మరిచారేమని కొందరు రాస్తారు. ఆ సాలీడు శివుడికి గుడి అల్లింది గానీ ఎవరికీ ఏదీ చేరవేయలేదు.)

కాలవ లెక్కన చూస్తే మీ పట్టిక తేలిపోతుంది. హబ్ అంటే మడవలన్నీ తెగిన కాలవ. ఒక తీగలో వచ్చినదాన్ని మిగతా తీగలన్నిట్లోకీ వదిలేస్తుంది. ఎవరిదో వాళ్లు ఉంచుకుని తక్కినవాళ్లు పారేయాలి. ఈ రోజుల్లో దాన్ని మీకు ఎవరు అంటగట్టారో! స్విచ్ తెలివైంది. కంప్యూటర్‌లోని నెట్‌వర్క్ కార్డుకు మాక్ అడ్రస్ అని 48 బిట్ల చిరునామా ఉంటుంది. వచ్చే ప్రతి సందేశం మీదా పంపినవాడి చిరునామా చూసి, వీడు ఫలానా తీగ చివర ఉన్నాడని స్విచ్ రాసిపెట్టుకుంటుంది. తెలియని చిరునామాకు ఏదైనా వస్తే మిగతా తీగలన్నిట్లోకీ వదులుతుంది, బదులు రాగానే గుర్తుపెట్టుకుంటుంది. ఆ పైన తెరిచేది ఆ ఒక్క మడవే.

రౌటర్ గెనిమ దాటిన వ్యవహారం. చెరువు నీళ్లు ఎవరి మడికి ఎప్పుడు పారాలో చూసే మనిషిని నీరుగంటి అనేవారు, ఇంచుమించు ఆ ఉద్యోగం దీనిది. మీ బడి నెట్‌వర్క్‌కూ బయటి లోకానికీ మధ్య కూర్చుని, ఏ నెట్‌వర్క్‌లోని ఏ యంత్రానికో చెప్పే ఐపీ అడ్రస్ చూసి, ఏది ఎటు పోవాలో తేలుస్తుంది. కొండకు అలిపిరి మెట్ల మీదా పోవచ్చు, శ్రీవారి మెట్టు మీదా పోవచ్చు. ఒకటి మూసేస్తే రెండోదాన్ని పట్టించగలదు. మార్గనిర్దేశకి అర్థానికి తప్పు కాదు గానీ, అది ఒకసారి పలికేలోపు నెట్ వచ్చి పోతుంది. ఇంగ్లండులో రూటర్, అమెరికాలో రౌటర్. బస్సు రూటు అనే మనం రూటర్ అనడమే న్యాయం. అమ్మేవాళ్లంతా రౌటర్ అంటున్నారు, కాబట్టి రెండూ ఒప్పే అనుకోండి.

మోడ్యులేటర్, డీమోడ్యులేటర్ అన్న రెండు మాటల ముక్కలు అతికిస్తే మోడెమ్ వచ్చింది. అంకెలను తీగ మీద పోయే అలలుగా, అలలను తిరిగి అంకెలుగా మారుస్తుంది. దానికి మాట దొరక్క వదిలేశానన్నారు; పట్టిక మొత్తంలో మీరు చేసిన మంచి పని అదే. ఫైబర్ ఇళ్లలో వెలుగును కరెంటు సంకేతాలుగా మార్చే డబ్బా అసలు పేరు ఓఎన్‌టీ, దాన్నీ మోడెమ్ అనే పిలుస్తున్నారు. అన్నిటినీ కలిపి 'వైఫై' అనేవాళ్లతో నేను వాదించడం మానేశాను.

పట్టికలో హబ్, స్విచ్, రౌటర్, మోడెమ్ అనే రాయండి, బిల్లుతో సరిపోవాలి కదా. పాఠం చెప్పేటప్పుడు మడవ అని చూడండి, కయ్య చూసిన పిల్లలు తరగతిలో ఇద్దరైనా ఉంటారు. రంధ్రాలు మాత్రం కొట్టేయండి, చూడటానికి బాగాలేదు. తీగ గుచ్చే ఆ చోటును పోర్టు అంటారు, పోర్టు అంటే తూము. '24 తూముల మడవ' అని రాయమనడానికి నోటిదాకా వచ్చింది. స్టాక్ రిజిస్టర్‌లో సంతకం పెట్టేది మీరు గనక ఆగాను.