స్టీరింగ్ మెరుపు కోసం ఇంట్లో బంగారం తాకట్టా?

ప్రశ్న: విజయవాడలో ప్రైవేటు కాలేజీ లెక్చరర్‌ని, వయసు 43. జీతం చేతికి 68,000 వస్తుంది. ఇంటి రుణం వాయిదాతో కలిపి ఖర్చు 51,000. నాన్నగారి 1996 నాటి బెంజ్ ఈ220 నా దగ్గరుంది. తర్వాతెప్పుడో బిగించిన దాని చెక్క స్టీరింగ్ పాలిష్ పెచ్చులూడింది, లోపలి చెక్కతో రంగు కలవడం లేదు. స్టీరింగ్ ఒక్కటీ చేస్తే 14,000, చెక్కపని మొత్తం చేస్తే 1,60,000 అన్నారు. మా ఆవిడ బంగారం మీద 10 శాతానికి అప్పు దొరుకుతోంది. ఖాతాలో 40,000 ఉన్నాయి. మాకు కాలేజీ ఇచ్చిన 3 లక్షల గ్రూపు ఆరోగ్య బీమా ఉంది. అమ్మకు 71 ఏళ్లు, ఆమెకు బీమా లేదు. అప్పు తీసుకోవచ్చా?

జవాబు: వద్దు. నాన్నగారి కారు మీద మీకున్న మమకారాన్ని తప్పుపట్టడం లేదు. 14,000 పని 1,60,000 ఎలా అయిందో చూడండి, చాలా ఇళ్లలో అప్పు మొదలయ్యేది ఇలాగే. మీరు పంపిన ఫొటోలో డ్యాష్‌బోర్డు మీదున్నది సన్నటి చారల జెబ్రానో వెనీర్ (పైన అంటించే పల్చటి చెక్క పొర), స్టీరింగ్‌ది ముదురు వాల్‌నట్. స్టెయినర్‌తో రంగును దగ్గరకు తేవచ్చు గానీ చెక్క చారను మార్చలేరు. అందుకని "అయితే డ్యాష్‌బోర్డు వెనీరే మార్చేద్దాం" అన్నారు పనివాళ్లు, ఆ వెంటనే డోర్లు, గేర్ చుట్టూ ఉన్న పట్టీ కూడా లెక్కలో చేరాయి. మీ అవసరం మాత్రం స్టీరింగ్ దగ్గరే ఉంది.

నెలకు 17,000 మిగలాలి కదా, మరి ఖాతాలో 40,000 మాత్రమే ఎందుకున్నాయి? మిగులు కాగితం మీదే ఉందన్నమాట. మీ ఆరు నెలల ఖర్చు 3,06,000. చేతిలో ఉన్నది ఒక్క నెలకు కూడా చాలదు. ఈ లెక్కన మీ ఇంట్లో అసలైన అత్యవసర నిధి ఆ బంగారమే. దాన్ని స్టీరింగ్ కోసం కుదువ పెట్టాక అమ్మగారికి అర్ధరాత్రి ఆయాసం వస్తే ఏం చేస్తారు? నా దగ్గరికి వచ్చే ఒకాయన ఇలాగే బంగారం తాకట్టు పెట్టి ఇంటికి రంగులు వేయించారు. మూడో నెలలో తండ్రిని ఆసుపత్రిలో చేరిస్తే ముందు లక్షన్నర కట్టమన్నారు. నగలు లాకర్లో, రసీదు ఆయన చేతిలో. చివరికి క్రెడిట్ కార్డు గీకారు. నెలకు మూడున్నర శాతం వడ్డీ, ఇప్పటికీ కడుతున్నారు.

"పది శాతమే కదా" అని దయచేసి అనకండి. ఏడాది చివర ఒకేసారి కట్టే పద్ధతైతే 1,76,000 తేవాలి. తేలేకపోతే వడ్డీ మాత్రం కట్టి తిరగరాయిస్తారు, అసలు అలాగే ఉంటుంది. అదీ కట్టకపోతే నగలు వేలానికి వెళతాయి. అమ్మగారికి బీమా లేని ఇంట్లో ఈ సాహసం చేయడం నాకు కోపం తెప్పిస్తోంది.

జీతం పడిన మర్నాడే 17,000 పక్కకు వెళ్లేలా బ్యాంకులో ఆదేశం ఇవ్వండి. అందులో 12,000 రికరింగ్ డిపాజిట్‌కు వేస్తే 22 నెలల చుట్టూ ఆరు నెలల నిధి పూర్తవుతుంది. 3,000 అమ్మగారి ఆరోగ్య బీమాకు కేటాయించండి, ప్రీమియం అంతకు మించితే డిపాజిట్‌లోంచి సర్దండి. పాత జబ్బులుంటే దాచకుండా రాయండి, వాటికి వేచి ఉండే గడువు ఇప్పుడు గరిష్ఠంగా మూడేళ్లే. వ్యక్తిగత ఆరోగ్య పాలసీల మీద 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ కూడా లేదు. కాలేజీ మారితే గ్రూపు బీమా పోతుంది కాబట్టి మీ కుటుంబానికి సొంత ఆరోగ్య పాలసీ ఆ తర్వాతి పని. టర్మ్ పాలసీ లేకపోతే అదీ చూడండి. సిప్‌లు (మ్యూచువల్ ఫండ్లలో నెలనెలా పెట్టుబడి) తర్వాత.

మిగిలిన 2,000 స్టీరింగ్‌కు. ఏడు నెలల్లో 14,000 అవుతాయి. పాత వార్నిష్ పూర్తిగా గీకించి, ఎమ్రీ పేపర్ పట్టించి, స్టెయినర్ వేశాక పైన పీయూ (పాలియురెథేన్ వార్నిష్) పూత కూడా వేసిన నమూనా ముక్కను డ్యాష్‌బోర్డు పక్కన ఎండలో పెట్టి చూడండి. పూత పడగానే రంగు ముదురుతుంది, ముందే ఒప్పుకుంటే మోసపోతారు. పూత బాగా ఆరకముందే బిగిస్తే చేతి చెమటకు జిగురొస్తుంది.

ఇంకో సంగతి. అసలు స్టీరింగ్‌లో ఎయిర్‌బ్యాగ్ ఉండేదా, చెక్కది బిగించినప్పుడు తీసేశారా కనుక్కోండి. ఆ మార్పు బీమా సంస్థకు చెప్పకపోతే క్లెయిమ్ దగ్గర పేచీ వస్తుంది. పదేళ్లు దాటిన బండికి చెక్క భాగాల మీద సాధారణంగా 50 శాతం తరుగు కోస్తారు. 1,60,000 పోసి చేయించినా చిన్న ప్రమాదం జరిగితే పాడైన చెక్క భాగాల ఖర్చులో సగం మీ జేబులోంచే పోతుంది.

అడ్వాన్సు ఇప్పటికే ఇచ్చి ఉంటే ఈరోజే ఫోన్ చేసి పని స్టీరింగ్ వరకే అని చెప్పి, అదే మాట వాట్సాప్‌లో రాసి పంపండి. బంగారం కుదువ పెట్టేసి ఉంటే ఆ డబ్బు ముట్టుకోకుండా తిరిగి కట్టి విడిపించుకోండి.