చరిత్రలో మీకు అందరికంటే గొప్పగా అనిపించిన సైనికుడు ఎవరు? నా జవాబు: హవల్దార్ అబ్దుల్ హమీద్

"చరిత్రలో ఎందరో సేనాధిపతులు, సైనికులు ఉన్నారు. మీకు అందరికంటే గొప్పగా అనిపించినవారు ఎవరు, ఎందుకు?" అని అడిగారు. ఇప్పటికే వచ్చిన జవాబుల్లో అలెగ్జాండర్, నెపోలియన్, శివాజీ, శ్రీకృష్ణదేవరాయలు, మానెక్‌షా ఉన్నారు. ఎవరినీ తక్కువ చేయను. మానెక్‌షా అంటే నాకు ప్రాణం. కానీ నన్ను అడిగితే 4 గ్రెనేడియర్స్ బెటాలియన్‌కు చెందిన కంపెనీ క్వార్టర్ మాస్టర్ హవల్దార్ అబ్దుల్ హమీద్ పేరే చెబుతాను. 1965 యుద్ధంలో పంజాబ్‌లోని ఖేమ్‌కరణ్ దగ్గర జీపు మీద నుంచి ప్యాటన్ ట్యాంకులను కొట్టి, అక్కడే ప్రాణం వదిలి, పరమవీర చక్ర పొందిన మనిషి.

ఈ కథ చాలామందికి తెలుసు. స్కూలు పుస్తకాల్లో చదివే ఉంటారు. ఆయన వాడిన గన్ మీద నేను పదకొండేళ్లు పనిచేశాను కాబట్టి, ఆ పుస్తకాల్లో ఉండని సంగతి కొంచెం చెప్పగలను.

మాది గిద్దలూరు వైపు పల్లె. మా వైపు ఇంటికొకరు కాకపోయినా వీధికి నలుగురైదుగురు మిలిటరీలో ఉంటారు. నేను మద్రాస్ రెజిమెంట్‌లో చేరి తమిళనాడులోని వెల్లింగ్టన్‌లో ట్రైనింగ్ అయ్యాక బెటాలియన్‌కు వెళితే, రెండేళ్లకు నన్ను సపోర్ట్ కంపెనీలో ఆర్‌సీఎల్ ప్లటూన్‌కు పంపారు. ఆర్‌సీఎల్ అంటే రీకాయిల్‌లెస్ గన్, ట్యాంకులను కొట్టేది. 106 మిల్లీమీటర్ల గన్ అంటారు గానీ నిజానికి గొట్టం 105 మిల్లీమీటర్లే. అంతకు ముందు అమెరికా వాళ్ల దగ్గర 105 అనే ఇంకో గన్ ఉండేది, దాని గుండ్లూ దీని గుండ్లూ కలిసిపోకూడదని దీనికి 106 అని పేరు పెట్టారు. బరువు 200 కిలోల పైమాట, పొడవు పదకొండడుగులు. ఒక్కో గుండు సుమారు 17 కిలోలు. జీపు మీదో, జోంగా అనే మిలిటరీ బండి మీదో బిగించి తీసుకెళతారు.

మామూలు ఫిరంగి పేలితే వెనక్కి తన్నుతుంది. ఇది తన్నదు. ఎందుకంటే పేలిన గ్యాసులో చాలా భాగం వెనక భాగంలో ఉన్న రంధ్రాల గుండా వెనక్కే పోతుంది. అందుకే ఇంత పెద్ద గుండును ఒక చిన్న జీపు మీద నుంచి కొట్టగలుగుతున్నాం. కానీ దానికి మనం కట్టే ధర ఉంది. పేలగానే వెనక పెద్ద మంట, దాని వెంటే ఒక గోడ లేచినట్టు దుమ్ము. వెనక మనిషి నిలబడితే బతకడు. రెండు కిలోమీటర్ల అవతల ఉన్నవాడికి కూడా "ఇక్కడున్నాను" అని చేయెత్తి చెప్పినట్టే. దీన్ని బ్యాక్ బ్లాస్ట్ అంటాం. ఆ శబ్దం వల్లే ఇప్పుడు నా ఎడమ చెవి సరిగా వినపడదు.

గొట్టం పైన ఇంకో చిన్న తుపాకీ ఉంటుంది, స్పాటింగ్ రైఫిల్. ముందు దాంతో కొట్టి చూడాలి. ఆ తూటా తగిలిన చోట తెల్లటి పొగ లేస్తుంది. పొగ ట్యాంకు మీద కనిపించిందంటే పెద్ద గుండు కూడా అక్కడికే పోతుంది. గన్‌ను పైకీ కిందికీ తిప్పే చక్రం మధ్యలో ఒక బొడిపె ఉంటుంది, లాగితే చిన్నది పేలుతుంది, నొక్కితే పెద్దది. లాగు, చూడు, నొక్కు. చెప్పడానికి ఇంతే. ఎదురుగా ట్యాంకు కదిలి వస్తున్నప్పుడు ఈ మూడూ చేతులు వణక్కుండా చేయడం నేర్పడానికే నెలలు పడుతుంది.

నా మొదటి ఫీల్డ్ ఫైరింగ్ రాజస్థాన్‌లో మహాజన్ రేంజ్‌లో. ఎదురుగా పాత ట్యాంకు తుక్కు, 700 మీటర్ల దూరం. టెన్షన్‌తో గొంతు ఎండిపోయింది. లాగాను, పొగ కనపడింది, నొక్కాను. పేలింది. దుమ్ములో ఏమీ కనపడక, తగిలిందో లేదో చూడాలని అద్దానికి కన్ను ఆనించి అలాగే ఉన్నాను. మూడు నాలుగు సెకన్లు ఉంటుందేమో. మాకు పని నేర్పే ఉస్తాద్ వెనక నుంచి వచ్చి నా హెల్మెట్ మీద గట్టిగా ఒకటి కొట్టారు. ఆయన మలయాళీ హవల్దార్, తెలుగు కొంచెం వచ్చు. "తగిలిందా లేదా అని చూస్తూ కూర్చుంటే నువ్వు పోతావు, నీ డ్రైవర్ పోతాడు, నీ లోడర్ పోతాడు. కొట్టాక నువ్వు ఇక్కడ ఉండకూడదు" అన్నారు. ఆ సాయంత్రం లంగర్ (వంటశాల) దగ్గర మమ్మల్ని కూర్చోబెట్టి అబ్దుల్ హమీద్ గురించి చెప్పారు. అంతవరకు ఆయన నాకు ఫొటోలో వీరుడు. ఆ రోజు నుంచి నా పనిలో నాకంటే ముందు నడిచిన పెద్దన్న అయ్యాడు.

ఆయన 1933 జులై 1న ఉత్తరప్రదేశ్ ఘాజీపూర్ జిల్లా ధామూపూర్‌లో పుట్టారు. తండ్రి దర్జీ పని చేసేవారు. 1954 డిసెంబర్‌లో సైన్యంలో చేరారు. 1962 చైనా యుద్ధంలో 4 గ్రెనేడియర్స్ ఇప్పటి అరుణాచల్ ప్రదేశ్ సరిహద్దులోని నామ్‌కా చు లోయలో 7వ బ్రిగేడ్‌తో ఉంది. ఆ బ్రిగేడ్ ఏమైందో చరిత్ర తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. చలి బట్టలు లేవు, తూటాలు చాలవు, నది ఒడ్డున కింద మనవాళ్లు, పైన కొండల మీద వాళ్లు. ఆ బ్రిగేడ్ 4వ డివిజన్‌లోది. మూడేళ్ల తర్వాత 1965లో ఖేమ్‌కరణ్ దగ్గర నిలబడింది కూడా అదే 4వ డివిజన్. ఒకసారి చెదిరిపోయిన సైన్యం మళ్లీ నిలబడటం ఎంత కష్టమో యూనిఫాం వేసినవాళ్లకు తెలుస్తుంది. అందుకే ఈ విషయం చెప్పకుండా హమీద్ కథ చెప్పడం నాకు ఇష్టం ఉండదు.

హమీద్ ఐదేళ్లు ట్యాంకు విధ్వంసక గన్‌ల మీద పనిచేశాక ప్రమోషన్ మీద కంపెనీ క్వార్టర్ మాస్టర్ హవల్దార్ అయ్యారు. అంటే కంపెనీకి రేషన్, బట్టలు, బూట్లు, మందుగుండు లెక్క చూసే స్టోర్ పని. యుద్ధంలో అతని స్థానం వెనక ఉంటుంది. వేళకు భోజనం ముందుకు పంపాలి, గుండ్లు అందించాలి. అది కూడా గౌరవమైన పనే, అన్నం అందకపోతే ఎవరూ పోరాడలేరు. కానీ బెటాలియన్‌లో ఆ గన్ బాగా తెలిసిన చేయి ఆయనది కాబట్టి మళ్లీ గన్ దగ్గరకు వచ్చారు. స్టోర్ లెక్కల్లో పడ్డాక కూడా చేతిలో పని పోకుండా ఉంచుకున్నాడు చూడండి, అది నాకు చాలా పెద్ద విషయం. ఆరు నెలలు ప్రాక్టీస్ లేకపోతే నా చక్రం తిప్పుడే మొద్దుబారిపోయేది.

1965 సెప్టెంబర్‌లో పాకిస్తాన్ 1వ ఆర్మర్డ్ డివిజన్ (ట్యాంకుల దళం) ఖేమ్‌కరణ్ మీదుగా లోపలికి వచ్చింది. బియాస్ నది మీది వంతెన దాకా పోతే అమృత్‌సర్ మొత్తం మిగతా దేశం నుంచి తెగిపోతుంది, అదీ వాళ్ల ప్లాన్. వాళ్ల దగ్గర ఉన్నవి అమెరికా ప్యాటన్‌లు, అప్పటికి చాలా మంచి ట్యాంకులు, 90 మిల్లీమీటర్ల గన్. మన 4వ డివిజన్ మొదట వెనక్కి తగ్గింది. తర్వాత డివిజన్ కమాండర్ జనరల్ గురుబక్ష్ సింగ్ అసల్ ఉత్తర్ అనే ఊరి చుట్టూ గుర్రపు లాడం ఆకారంలో సైన్యాన్ని నిలిపి, కాలవలకు గండి కొట్టించి పొలాలను తడిపించారు. అది చెరకు ఎత్తుగా పెరిగి ఉన్న కాలం. ప్యాటన్‌లు బురదలో నెమ్మదించాయి, చెరకులో మనవాళ్లు కనపడలేదు. సేనాధిపతుల గురించి అడిగారు కాబట్టి ఇది కూడా రాస్తున్నాను, ఆ నేలను అలా వాడుకోవడం ఆ జనరల్ గొప్పతనమే.

మన హైదరాబాద్‌తో ఒక సంబంధం కూడా ఉంది. ఆ యుద్ధంలో షెర్మన్ ట్యాంకులతో పోరాడిన 9 డెక్కన్ హార్స్ ఒకప్పటి హైదరాబాద్ కాంటింజెంట్ అశ్వికదళం నుంచి వచ్చిన రెజిమెంట్. అప్పుడు దాని కమాండింగ్ ఆఫీసర్ లెఫ్టినెంట్ కల్నల్ అరుణ్ వైద్య, తర్వాత ఆయన ఆర్మీ చీఫ్ అయ్యారు. షెర్మన్‌లు ప్యాటన్‌ల కంటే పాతవి, చిన్న గన్‌వి. చెరకు చాటున దగ్గరికి రానిచ్చి కొట్టాయి.

సెప్టెంబర్ 10, ఉదయం 8 గంటలు. చీమా అనే ఊరి ముందు, భిఖివిండ్ రోడ్డు మీద, ఒక రెజిమెంట్ ప్యాటన్‌లు దాడికి వచ్చాయి. ముందు ఫిరంగుల వాన. 9 గంటలకల్లా మన ముందు వరుస దాటి లోపలికి వచ్చేశాయి. హమీద్ తన జీపును పక్కకు, ట్యాంకుల పార్శ్వం వైపు తీసుకెళ్లారు. ముందు నడుస్తున్న ట్యాంకును కొట్టారు. వెంటనే చోటు మార్చారు. ఇంకో ట్యాంకు తగలబడింది. ఈలోగా మిగతా ట్యాంకులు ఆయన్ని చూసేశాయి. మెషీన్ గన్‌లు, గుండ్లు అన్నీ ఆ జీపు మీదకే. ఆయన మూడో ట్యాంకు మీద కొడుతూ ఉండగా ఒక గుండు వచ్చి తగిలింది. పరమవీర చక్ర పత్రంలో ఉన్నది ఇదే.

ఆయన కొట్టిన ట్యాంకులు ఎన్ని అనే దాని మీద ఇంటర్నెట్‌లో గొడవలు పడుతుంటారు. పత్రంలో ఆ ఉదయం సంగతే ఉంది. అంతకు ముందు రెండు రోజులు కూడా కలిపి ఏడు అని, ఎనిమిది అని రాసేవాళ్లున్నారు. నాకు ఆ లెక్కతో పనిలేదు. మీరు ఒక్కసారి ఆ జీపును ఊహించుకోండి. దానికి తూటాను ఆపే రేకు కూడా లేదు. ఎదురుగా నలభై టన్నుల పైన ఉన్న ఇనుము. మొదటి గుండు కొట్టగానే వెనక మంట లేచింది, అంటే ఉన్న చోటు చెప్పేసినట్టే. అప్పుడు మనిషికి రెండు కోరికలు పుడతాయి. తగిలిందా అని చూడాలనిపిస్తుంది. లేదా పారిపోవాలనిపిస్తుంది. రెండూ నాకు అనుభవమే, ఎదురు కాల్పులు లేని రేంజ్‌లో కూడా. ఆయన ఆ రెండూ చేయలేదు. చోటు మార్చి, మళ్లీ కొట్టారు. బెటాలియన్‌లో ఉస్తాద్‌లు మాకు నేర్పిన పనినే, నేర్పినట్టే, చావు కళ్ల ముందు ఉండగా చేశారు. ధైర్యం అంటే నాకు గుర్తొచ్చేది ఇదే.

ఇంకో మాట. జీపు నడిపినవాడిని, గుండు ఎక్కించేవాడిని ఎవరూ తలుచుకోరు. గుండు ఎక్కించేవాడు నిలబడాలి, గన్ వెనక్కి వెళ్లి మూత తెరిచి 17 కిలోల గుండు తోసి మూసి, వెంటనే పక్కకు జరగాలి. పక్కకు జరిగినట్టు కమాండర్‌కు తెలియాలి, లేకపోతే సొంత మనిషినే కాల్చేస్తాం. ఇంత బాంబుల మోతలో అది నోటితో చెప్పుకోలేం, భుజం మీద తట్టి చెప్పుకుంటాం. ఆ తట్టుడు మీద నమ్మకం ఉంటేనే నొక్కగలం. హమీద్ గురించి చెప్పినప్పుడల్లా ఆ మనుషులకు కూడా నేను దండం పెట్టుకుంటాను.

మా ఉస్తాద్‌ను ఒకసారి అడిగాను, "మూడోసారి ఆయన ఎందుకు చోటు మార్చలేదు సాబ్?" అని. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "అప్పటికే చూసేశారు కదా. జీపు కదిలితే కదిలేంతసేపూ కొట్టలేం. ఆ ట్యాంకు మాత్రం ముందుకు వస్తూనే ఉంటుంది. వెనక కంపెనీ ఉంది" అన్నారు. ఇది ఆయన అనుకున్నది, పత్రంలో లేదు. కానీ ఆ గన్ మీద కూర్చున్నవాడిగా నాకు కూడా అలాగే అనిపిస్తుంది.

ఆ పోరాటం ముగిసేసరికి పాకిస్తాన్ పోగొట్టుకున్న ట్యాంకులు 97 అని లెక్క. పట్టుబడ్డవాటిని భిఖివిండ్ దగ్గర వరసగా నిలబెడితే జనం ఆ చోటును ప్యాటన్ నగర్ అన్నారు. 1966 రిపబ్లిక్ డే నాడు రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ చేతుల మీదుగా హమీద్ భార్య రసూలన్ బీబీ పరమవీర చక్ర అందుకున్నారు. 2000లో తపాలా శాఖ ఆయన మీద మూడు రూపాయల స్టాంపు వేసింది. ఆ స్టాంపు మీద జీపు, గన్ ఉంటాయి. ఒకటి నా పర్సులో ఇప్పటికీ ఉంది.

అసల్ ఉత్తర్ అనే ఊరి పేరు గురించి కూడా చెప్పాలి. వింటే మన ప్రశ్నోత్తరాలలోని ఉత్తరమే గుర్తొస్తుంది. అసలైన జవాబు అని అర్థం చెబుతుంటారు. ఆ పేరు యుద్ధం తర్వాత పెట్టింది కాదు, ముందు నుంచీ ఉన్న ఊరి పేరు.

పంజాబ్ పోస్టింగ్‌లో ఉన్నప్పుడు సెలవు రోజు చూసుకుని నేను అక్కడికి వెళ్లాను. రోడ్డు పక్కనే ఆయన సమాధి. బూట్లు విప్పి, సెల్యూట్ చేసి, తర్వాత పొలం గట్టు మీద చాలాసేపు నిలబడ్డాను. పాత అలవాటు కొద్దీ దూరాలు అంచనా వేశాను. ఆ చెట్టు 600, ఆ పంపు షెడ్డు 900. ఎక్కడ చూసినా చదును. ఒక గుట్ట లేదు, ఒక వాగు లోతు లేదు, జీపును దాచడానికి ఏమీ లేదు. నేను వెళ్లింది జనవరి, గోధుమ మోకాలెత్తు కూడా లేదు. అక్కడ నిలబడితే వెన్ను జలదరించింది.

అమృత్‌సర్ వెళ్లే మనవాళ్లు స్వర్ణ దేవాలయం, జలియన్‌వాలా బాగ్, వాఘా చూసి తిరిగొచ్చేస్తారు. ఖేమ్‌కరణ్ వైపు ఇంకో అరవై డెబ్భై కిలోమీటర్లు వెళ్లండి. వీలైతే సెప్టెంబర్‌లో వెళ్లండి, ఎక్కడైనా చెరకు వేసి ఉంటే దాని పక్కన కాసేపు నిలబడండి. ఆయనకు ఆ రోజు ఉన్న చాటు అంతే.