సిస్‌అడ్మిన్ ఇస్తేనే బిల్లింగ్ తెరుచుకుంటోంది, అలాగే వదిలేయొచ్చా?

మీరు రాసినదాన్నిబట్టి నాకు అర్థమైంది ఇదండీ. షాపులో పాత సర్వర్ తీసేసి కొత్త మెషీన్‌లో మైక్రోసాఫ్ట్ డేటాబేస్ సాఫ్ట్‌వేర్ ఎస్‌క్యూఎల్ సర్వర్ ఎక్స్‌ప్రెస్ వేశారు, పాత బ్యాకప్ రీస్టోర్ చేశారు. కౌంటర్ల లాగిన్లు పాత పేర్లతో, పాత పాస్‌వర్డ్‌లతోనే మళ్లీ పెట్టారు. అయినా బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ 'లాగిన్ ఫెయిల్డ్, 18456' అంటోంది. ఎవరో చెప్తే ఆ లాగిన్లకి సిస్‌అడ్మిన్, అంటే సర్వర్ మీద పూర్తి అధికారమిచ్చే రోల్, టిక్ పెట్టారు, వెంటనే తెరుచుకుంది.

అలా వదిలేయకండి. ఆ టిక్‌తో రోగం తగ్గలేదు, లక్షణం కనపడకుండా పోయిందంతే. కానీ అది పనిచేయడంవల్ల ఒక మంచి ఆధారం దొరికింది. పాస్‌వర్డ్ సరైనదే, నెట్‌వర్క్ బాగానే ఉంది, సర్వర్ గుమ్మం దాటి లోపలికి వస్తున్నారు. ఆగిపోతున్నది డేటాబేస్ గుమ్మం దగ్గర. సిస్‌అడ్మిన్ ఉన్నవాళ్లు ప్రతి డేటాబేస్‌లోకీ డీబీఓగా, అంటే దాని ఓనరు హోదాలో, వెళ్లిపోతారు, వాళ్లకి యూజర్ ఉన్నాడా లేడా అన్న లెక్క ఉండదు. అందుకే మీకు పని జరిగింది.

ముందు ఎర్రర్ లాగ్ చూడండి. కౌంటర్ కంప్యూటర్‌లో కనిపించే మెసేజ్‌లో స్టేట్, అంటే కారణం చెప్పే నంబర్, ఎప్పుడూ 1 అనే ఉంటుంది. బయటివాళ్లకి వివరం తెలియకూడదని కావాలనే అలా పెట్టారు. అసలు నంబర్ సర్వర్ మీదే దొరుకుతుంది. సర్వర్‌ని చూసుకునే టూల్ మేనేజ్‌మెంట్ స్టూడియోలో మేనేజ్‌మెంట్ కింద ఎస్‌క్యూఎల్ సర్వర్ లాగ్స్ తెరవండి. స్టేట్ 5 ఉంటే ఆ పేరుతో లాగిన్ లేదని, 8 ఉంటే పాస్‌వర్డ్ తప్పని అర్థం. 58 ఉంటే సర్వర్ విండోస్ అథెంటికేషన్‌కి మాత్రమే సెట్ అయి ఉంది. దాన్ని ఎస్‌క్యూఎల్ లాగిన్లనీ ఒప్పుకునే మిక్స్‌డ్ మోడ్‌కి మార్చి సర్వీస్ రీస్టార్ట్ చేయాలి. మీకు 38 కనిపిస్తుందని నా అంచనా. అడిగిన డేటాబేస్ తెరవలేకపోయిందని పక్కనే రాసి ఉంటుంది.

ఇలా ఎందుకవుతుందంటే, లాగిన్ వేరు, యూజర్ వేరు. లాగిన్ సర్వర్‌ది, మాస్టర్ డేటాబేస్‌లో ఉంటుంది. యూజర్ మీ షాపు డేటాబేస్‌లో ఉంటాడు. బ్యాకప్‌తోపాటు యూజర్లు కొత్త మెషీన్‌కి వచ్చేశారు, లాగిన్లు మాత్రం పాత మెషీన్‌లోనే ఉండిపోయాయి. ఈ రెంటినీ కలిపేది పేరు కాదు, ఎస్‌ఐడీ అనే లోపలి నంబర్. మీరు అదే పేరుతో లాగిన్ మళ్లీ చేసినప్పుడు దానికి కొత్త ఎస్‌ఐడీ వచ్చింది, యూజర్ దగ్గర పాతదే ఉంది. ఇంటిపేరు కలిసినంత మాత్రాన చుట్టాలైపోరు కదా, ఇదీ అంతే. ఇలాంటి యూజర్లనే ఆర్ఫన్డ్ యూజర్లు అంటారు.

రాజమండ్రిలో ఒక హోల్‌సేల్ బట్టల షాపులో సరిగ్గా ఇదే చూశాను. దసరా ముందు, కౌంటర్ల దగ్గర జనం, ఓనరుగారు టెన్షన్‌లో ఉన్నారు. అక్కడి సాఫ్ట్‌వేర్ అతను లాగిన్ ప్రాపర్టీస్‌లో యూజర్ మ్యాపింగ్ టిక్ చేస్తుంటే 15023 వస్తోంది, యూజర్ ఇప్పటికే ఉన్నాడని. సరే అని డేటాబేస్‌లోంచి యూజర్‌ని డిలీట్ చేయబోయాడు. ఆ పని మీరు చేయకండి. ఏ టేబుల్ చూడొచ్చు, ఏ ప్రొసీజర్ (డేటాబేస్‌లో దాచిన ప్రోగ్రామ్) నడపొచ్చు అన్న పాత పర్మిషన్లన్నీ ఆ యూజర్‌కే అంటుకుని ఉంటాయి. డిలీట్ చేస్తే అవన్నీ పోతాయి, మళ్లీ ఒక్కొక్కటీ ఇచ్చుకోవాలి.

కావలసింది ఒక్క లైనే. మీ షాపు డేటాబేస్‌ని ఎంచుకుని కొత్త క్వెరీ తెరవండి. ఆల్టర్ యూజర్, యూజర్ పేరు, విత్ లాగిన్, ఈక్వల్ గుర్తు, లాగిన్ పేరు. రన్ చేస్తే యూజర్ ఎస్‌ఐడీ లాగిన్‌దానితో కలిసిపోతుంది, పాత పర్మిషన్లు చెక్కుచెదరవు. ప్రతి కౌంటర్ యూజర్‌కీ ఇలాగే. పాత ఆర్టికల్స్‌లో ఎస్‌పీ చేంజ్ యూజర్స్ లాగిన్ అనే ప్రొసీజర్ వాడమని ఉంటుంది. మైక్రోసాఫ్ట్ దాన్ని పక్కన పెట్టమని ఎప్పుడో చెప్పింది, ఆల్టర్ యూజరే వాడండి.

తర్వాత సిస్‌అడ్మిన్ టిక్ తీసేయండి. వెంటనే, రేపటికి వాయిదా వేయకుండా. ఈ ఒక్క విషయంలో నేను గట్టిగానే చెప్తాను. సిస్‌అడ్మిన్ ఉన్న కౌంటర్ లాగిన్‌తో డేటాబేస్ మొత్తం డ్రాప్ చేయొచ్చు. ఎక్స్‌పీ కమాండ్‌షెల్ ఆన్ చేసి సర్వర్ మీద విండోస్ కమాండ్లు నడపొచ్చు. మీరు పెట్టిన డినై, అంటే నిషేధం, ఏదీ దానికి అడ్డు రాదు. చాలా బిల్లింగ్ సాఫ్ట్‌వేర్లలో ఆ పాస్‌వర్డ్ ప్రతి కౌంటర్ కంప్యూటర్‌లోనూ ఒక కాన్ఫిగ్ ఫైల్లో, నోట్‌ప్యాడ్‌తో తెరిస్తే చదవగలిగేలా ఉంటుంది. ఓనర్ ఇంటినుంచి లెక్కలు చూసుకోవడానికి రౌటర్‌లో ఎస్‌క్యూఎల్ సర్వర్ వాడే 1433 పోర్ట్ తెరిచిన షాపులో లాగ్ చూశాను. ఎక్కడెక్కడి అడ్రస్‌లనుంచో, సర్వర్‌తోపాటే వచ్చే అడ్మిన్ లాగిన్ 'ఎస్‌ఏ' పేరుతో పాస్‌వర్డ్ ఊహిస్తూ వరసగా ప్రయత్నాలు, పేజీలకి పేజీలు. అలాంటి పోర్ట్ మీ దగ్గరా తెరిచి ఉంటే మూయించి, వీపీఎన్ పెట్టించండి.

టిక్ తీశాక 229 ఎర్రర్ వస్తే కంగారుపడి మళ్లీ టిక్ పెట్టొద్దు. అంటే లోపలికి వచ్చారు, ఒక టేబుల్‌కో ప్రొసీజర్‌కో పర్మిషన్ లేదు. దాని పేరు మెసేజ్‌లోనే ఉంటుంది. బిల్లింగ్‌కి మామూలుగా డేటా చదవడానికి డీబీ డేటారీడర్, రాయడానికి డీబీ డేటారైటర్ రోల్స్, ప్రొసీజర్లు వాడే సాఫ్ట్‌వేర్ అయితే వాటి మీద ఎగ్జిక్యూట్ పర్మిషన్ సరిపోతాయి. సాఫ్ట్‌వేర్ వాళ్లు "మాకు ఎస్‌ఏ కావాల్సిందే" అంటే ఏ పనికి కావాలో రాసిమ్మని అడగండి. వెర్షన్ అప్‌డేట్ రోజున అవసరం కావచ్చు. రోజూ బిల్లు కొట్టడానికి అవసరం లేదు.

కౌంటర్‌కి ఒక లాగిన్ చొప్పున విడివిడిగా ఉంచండి. స్టాక్ తేడా వచ్చినప్పుడు ఎంట్రీ ఏ కౌంటర్‌దో తేల్చాలంటే అదే ఆధారం, లేదంటే అందరి మీదా అనుమానం పడుతుంది.

ఆల్టర్ యూజర్‌కి సర్వీస్ రీస్టార్ట్ అక్కర్లేదు, కాబట్టి షాపు మూసేదాకా ఆగనవసరం లేదు. ముందు ఒక కౌంటర్‌కి చేసి, అక్కడ సాఫ్ట్‌వేర్ మూసి తెరిచి, ఒక బిల్లు కొట్టి చూడండి. అది పడితే మిగతావాటికీ చేసేయండి.