దిగేది విమానం, ఎక్కేది ఓడ: మధ్యలో ఇరవై కిలోమీటర్లు

చెన్నై రేవు నుంచి 2022 జూన్‌లో కార్డీలియా కంపెనీ విహార నౌక బయల్దేరడం మొదలైంది. పడమటి తీరంలో వానలు ముదిరే నెలల్లో ఓడ సాధారణంగా ఇటువైపు వస్తుంది. దానితోపాటే మాకు ఉత్తరాలూ వస్తాయి. ఈసారి అన్నిటిదీ ఒకటే గోల: ఓడ టికెట్టు బేరంలో దొరికింది గానీ ఎయిర్‌పోర్టు నుంచి రేవుకు వెళ్ళే ఖర్చు చూస్తే గుండె గుభేలుమంటోంది.

ప్రశ్న: నేనూ మావారూ విజయవాడ నుంచి ఉదయం విమానంలో చెన్నై దిగి, అదే రోజు మధ్యాహ్నం ఓడ ఎక్కాలి. రెండు పెద్ద సూట్‌కేసులు, ఒక చేతి సంచి ఉంటాయి. టాక్సీకి వెయ్యి దాకా అవుతుందంటున్నారు. ఇంతకంటే చవకలో వెళ్ళే దారి ఉందా?
— ఒక పాఠకురాలు, విజయవాడ

ఉందండి. మెట్రో ఎక్కండి. మీనంబాక్కం ఎయిర్‌పోర్టులో టెర్మినళ్ళ నుంచి మెట్రో స్టేషన్ దాకా కప్పు ఉన్న నడకదారి ఉంది, ఎండలో పెట్టెలు లాక్కెళ్ళే పని లేదు. ఎక్కాల్సింది వింకో నగర్ డిపో వైపు వెళ్ళే బ్లూ లైన్ రైలు. గిండీ, సైదాపేట, తేనాంపేట, సెంట్రల్ మీదుగా వెళ్తుంది. దిగాల్సింది సెంట్రల్‌లో కాదు, దాని తర్వాతి స్టేషన్ హైకోర్టులో. ఎక్కడా రైలు మారక్కర్లేదు. ముప్పావుగంట ప్రయాణం. చెన్నై మెట్రోలో ఎంత దూరమైనా మనిషికి గరిష్ఠ ఛార్జీ 50 రూపాయలే కాబట్టి మీ ఇద్దరికీ వంద దాటదు. ఉదయం 5 గంటల నుంచి రైళ్ళు ఉంటాయి.

టికెట్టు కోసం కౌంటర్ దగ్గర నిలబడకుండా, సామాను బెల్టు మీదికి వచ్చేలోపే ఫోన్లో క్యూఆర్ టికెట్టు తీసేసుకోండి. మెట్రో గేటు దగ్గర పెట్టెలు మళ్ళీ స్కానర్‌లో పెట్టాలి. ఉదయం ఎనిమిదిన్నర నుంచి పదిన్నర దాకా గిండీ దాటాక నిలబడడానికి చోటుండదు. ఎయిర్‌పోర్టు మొదటి స్టేషన్ కావడం మీకు కలిసొచ్చే విషయం. ఖాళీ రైలు ఎక్కి, పెట్టెలు కాళ్ళ ముందు అడ్డంగా కాకుండా సీటు చివర గోడకు ఆనించి పెట్టుకుంటే ఎవరూ విసుక్కోరు.

చిక్కంతా హైకోర్టు స్టేషన్ బయటికి వచ్చాక మొదలవుతుంది. పైకి వస్తే పారీస్ కార్నర్ రద్దీ. అక్కడి నుంచి రాజాజీ శాలై (రోడ్డు) కూతవేటు దూరమే, రేవు గోడ కూడా ఆ వైపే. కానీ ఆ గోడకు చాలా గేట్లున్నాయి, ఒక్కోటీ ఒక్కో పనికి. ఓడ కంపెనీ పంపిన బోర్డింగ్ కాగితంలో ప్రయాణికులు రావాల్సిన గేటు నంబరు ఉంటుంది. ఆటో అతనికి 'హార్బర్' అని కాదు, ఆ గేటు నంబరు చెప్పండి. ఫోన్ మ్యాప్‌లో ఉత్త 'చెన్నై పోర్ట్' అని కొడితే ఒక్కోసారి ఉత్తరాన కాశిమేడు వైపు జీరో గేటుకు తీసుకెళ్ళి వదులుతుంది. అది కంటైనర్ లారీల గేటు. ఆ లారీల బారులో ఇరుక్కుంటే మీ ఆటో వెనక్కి తిరగడానికే అరగంట. ఎన్నూరు రేవు ఇంకా పైన, అది వేరే పోర్టు.

హైకోర్టు నుంచి గేటు దాకా దూరం తక్కువ కాబట్టి ఆటోవాళ్ళు మీటరు వెయ్యరు. యాప్‌లో బుక్ చేస్తే సరేసరి, లేకపోతే వంద రూపాయల దగ్గర బేరం ఆపండి. మొత్తం కలిపి ఇద్దరికీ రెండు వందలతో అయిపోతుంది. రేవు గేట్ల దగ్గర కాపలా సీఐఎస్‌ఎఫ్‌ది. బయటి బండి లోపలికి రాదనుకునే బయల్దేరండి. గేటు దగ్గర దిగాక పాస్‌పోర్టు గానీ ఆధార్ గానీ, బోర్డింగ్ కాగితం గానీ పెట్టె అడుగున వెతుక్కునే పరిస్థితి తెచ్చుకోకండి. మెడలో వేసుకునే చిన్న సంచిలో ఉండాలి అవి.

ప్రశ్న: ఎయిర్‌పోర్టు ఎదురుగానే త్రిశూలం రైల్వే స్టేషన్ ఉంది కదా. లోకల్ రైల్లో బీచ్ స్టేషన్‌కు వెళ్తే ఇంకా చవక కాదా?
— ఒక పాఠకుడు, నెల్లూరు

చవకే. రెండో తరగతి టికెట్టు 10 రూపాయలు దాటదు. ఒక్క భుజం సంచితో వచ్చేవాళ్ళకు ఇంతకు మించింది లేదు. పెట్టెలుంటే మాత్రం జీఎస్టీ (గ్రాండ్ సదరన్ ట్రంక్) రోడ్డు దాటి వెళ్ళాలి, మెట్లెక్కి దిగాలి, స్టేషన్‌లో అర నిమిషం మాత్రమే ఆగే రైల్లోకి పెట్టెలు ఎత్తాలి. పైగా ఆదివారాలు పట్టాల మరమ్మతుల కోసం ఈ లైన్లో కొన్ని రైళ్ళు రద్దు చేస్తుంటారు. ముందురోజు రాత్రి దక్షిణ రైల్వే ప్రకటన చూడకుండా ఆదివారం దీన్ని నమ్ముకోకండి. 2025 ఏప్రిల్‌లో ఈ మార్గంలో ఏసీ లోకల్ కూడా వచ్చింది. కనీస ఛార్జీ 35 రూపాయలు. కానీ రోజుకు వేళ్ళమీద లెక్కపెట్టేన్ని ట్రిప్పులే, మీ విమానం వేళకు అది కుదరడం అదృష్టం మీదే.

బీచ్ స్టేషన్ రేవును ఆనుకునే ఉన్నట్టు మ్యాప్‌లో కనిపిస్తుంది. నిజమే, కానీ అక్కడ గోడలో తలుపు లేదు! బయటికి వచ్చి, బర్మాబజారు దుకాణాల వరుస దాటుకుంటూ మీ గేటు దాకా చుట్టూ వెళ్ళాల్సిందే.

ప్రశ్న: మేము ఆరుగురం, ఇద్దరు డెబ్భై దాటిన పెద్దవాళ్ళు. ఏడు పెట్టెలు. మెట్రోనే మంచిదా?
— ఒక పాఠకుడు, హైదరాబాద్

మంచిది కాదు. లెక్క చూడండి. మెట్రోలో మూడు వందలు, హైకోర్టు దగ్గర మూడు ఆటోలకు మరో మూడు వందలు, వెరసి ఆరు వందలు. ఆరుగురూ పట్టే పెద్ద బండికి రద్దీ లేని వేళ యాప్‌లో సుమారు వెయ్యి నుంచి పన్నెండు వందల దాకా పడుతుంది. నాలుగు నుంచి ఆరు వందలు మిగుల్చుకోవడానికి అమ్మమ్మనూ తాతయ్యనూ పారీస్ కార్నర్‌లో ఆటోల వెంట పరిగెత్తించకండి. ఇద్దరు ముగ్గురికైతే మెట్రో, అయిదుగురు దాటితే బండి: మా లెక్క ఇది.

బండి బుక్ చేసేటప్పుడు మాత్రం ఒక సంగతి. చెన్నై టాక్సీల్లో చాలావాటికి డిక్కీలో సీఎన్‌జీ సిలిండర్ ఉంటుంది. డిక్కీ తెరిస్తే సగం చోటు ఆ తెల్ల సిలిండరే ఆక్రమిస్తుంది. మిగిలిన చోట ఒక పెద్ద పెట్టె, ఒక చేతి సంచి పడితే ఎక్కువ. సెడాన్ రెండు బుక్ చేశాం కదా, సరిపోతుందనుకున్నవాళ్ళు ఒడిలో సూట్‌కేసులు పెట్టుకుని గిండీ కత్తిపారా ఫ్లైఓవర్ దాటుతుంటారు. పెద్ద బండిలోనూ వెనక వరుస సీట్లలో మనుషులు కూర్చుంటే సామానుకు చోటుండదు, అందుకే పైన క్యారియర్ ఉన్న బండి కావాలని డ్రైవర్‌కు ఫోన్ చేసి ముందే చెప్పండి. తాడు అతని దగ్గర ఉందా అని కూడా అడగండి. జూలైలో సాయంకాలం జల్లులు పడతాయి కాబట్టి ఒక ప్లాస్టిక్ షీటు మీ దగ్గరుంటే మేలు.

ఇంకోటి, యాప్ బండ్లు ఆగేది టెర్మినల్ గుమ్మం ముందు కాదు, బహుళ అంతస్తుల పార్కింగ్ భవనం దగ్గర. అక్కడి దాకా పెద్దవాళ్ళను బ్యాటరీ బండిలో పంపండి. అందరూ అక్కడికి చేరాకే బుక్ చేయండి. ముందే బుక్ చేసి నడవడం మొదలుపెడితే మీరు వెళ్ళేసరికి వెయిటింగ్ ఛార్జీ పడుతుంది, లేదా అతను రద్దు చేసి వెళ్ళిపోతాడు.

ప్రశ్న: మాది బెంగళూరు మారతహళ్ళి. చెన్నైకి ఉదయం విమానం చూస్తున్నాం. రేవుకు ఎలా వెళ్ళాలి?
— ఒక పాఠకురాలు, బెంగళూరు

మిమ్మల్ని విమానమే మానెయ్యమంటాం. మారతహళ్ళి నుంచి దేవనహళ్ళి ఎయిర్‌పోర్టు నలభై కిలోమీటర్ల దాకా ఉంటుంది. అక్కడ రెండు గంటల ముందుండాలి. మీనంబాక్కంలో దిగాక మళ్ళీ ఇరవై కిలోమీటర్లు వెనక్కి రేవుకు రావాలి. గాలిలో గంటలోపు, నేలమీద అయిదారు గంటలు. రైలైతే తిన్నగా సెంట్రల్‌లో దింపుతుంది. అక్కడి నుంచి రేవు రెండు మూడు కిలోమీటర్లే.

చెన్నై మెయిల్ రాత్రి పదిన్నర దాటాక కేఎస్‌ఆర్ బెంగళూరులో బయల్దేరి, తెల్లవారుజామున నాలుగున్నర ప్రాంతంలో సెంట్రల్ చేరుతుంది. మీరు ఎక్కే స్టేషన్ కంటోన్మెంట్ పెట్టుకోండి. ఓడ ఎక్కించుకోవడం మధ్యాహ్నం గదా, అప్పటిదాకా ఏం చేయాలన్నది అసలు ప్రశ్న. సెంట్రల్‌లో క్లోక్ రూమ్ ఉంది. పెట్టెలకు తాళాలు వేసి ఉండాలి, రైలు టికెట్టు చూపాలి. జిప్పు మీద తాళం లేని సంచిని తీసుకోరు, రెండు చిన్న తాళాలు ఇంటి దగ్గరే కొనుక్కుని బయల్దేరండి. కాసేపు నడుం వాల్చాలంటే ఐఆర్‌సీటీసీలో మీ పీఎన్‌ఆర్ మీద రిటైరింగ్ రూమ్ ముందే తీసుకోవచ్చు.

సెంట్రల్ నుంచి హైకోర్టు మెట్రోలో ఒక్క స్టేషనే. ఆ ఒక్క స్టేషన్ కోసం భూమి లోపలికి దిగి, స్కానర్ దాటి, మళ్ళీ పైకెక్కడం పెట్టెలతో దండగ. స్టేషన్ బయట ప్రీపెయిడ్ ఆటో కౌంటర్‌లో చీటీ రాయించుకుని గేటుకు వెళ్ళిపోండి.

ప్రశ్న: ఓడ ఉదయం 7 గంటలకు చెన్నై తిరిగొస్తుంది. 10:30 విమానానికి టికెట్టు తీసుకోవచ్చా?
— ఒక పాఠకుడు, రాజమండ్రి

తీసుకోకండి. ఏడింటికి ఓడ రేవును తాకుతుంది, మీరు కాదు. తాళ్ళు కట్టి, నిచ్చెన వేసి, కాగితాలు తేలేదాకా ఎవరినీ దించరు. ఆ తర్వాత డెక్కుల వారీగా, లగేజీ ట్యాగు రంగుల వారీగా పిలుస్తారు. శ్రీలంక నుంచి వచ్చిన ఓడ అయితే ఇమిగ్రేషన్, కస్టమ్స్ కూడా ఉంటాయి. తొమ్మిదిన్నరకు గేటు బయటికి వస్తే తొందరగా వచ్చినట్టే. మధ్యాహ్నం రెండు తర్వాతి విమానం చూసుకోండి.

పెద్ద పెట్టెలు ముందురోజు రాత్రే గది బయట పెట్టమంటారు, మర్నాడు టెర్మినల్‌లో తీసుకోవాలి. మర్నాడు కట్టుకునే బట్టలు, మాత్రలు, ఫోన్ ఛార్జర్, గుర్తింపు కార్డు చేతి సంచిలో ఉంచుకోండి. బట్టలన్నీ సర్దేసి రాత్రి లుంగీతో దిగాల్సి వచ్చినవాళ్ళు ప్రతి ట్రిప్పులోనూ ఒకరిద్దరుంటారు. సొంతంగా మోసుకోగలిగితే ఆ పెట్టెలు బయట పెట్టకుండా మీతోనే ఉంచుకోండి, అలాంటివాళ్ళను సాధారణంగా ముందు దించుతారు. గేటు దగ్గర కాచుకుని ఉండే ఆటోలు ఎయిర్‌పోర్టుకు ఎంత చెబితే అంత. హైకోర్టు మెట్రో వరకే మాట్లాడుకోండి.

ప్రశ్న: చెన్నై నుంచి సింగపూర్ వెళ్ళి అక్కడ ఓడ ఎక్కుతున్నాం. చాంగీ ఎయిర్‌పోర్టు నుంచి టాక్సీ లేకుండా వెళ్ళగలమా?
— ఒక పాఠకుడు, చెన్నై విల్లివాక్కం

హాయిగా. కానీ ముందు మీ టికెట్టు మీద టెర్మినల్ పేరు చదవండి. సింగపూర్‌లో ఓడలు ఎక్కేచోట్లు రెండు: మెరీనా బే క్రూజ్ సెంటర్, హార్బర్‌ఫ్రంట్‌లోని సింగపూర్ క్రూజ్ సెంటర్. రెండింటి మధ్య కొన్ని కిలోమీటర్ల దూరం. పేర్లు ఒకేలా ఉండడంతో ఒకదానికి వెళ్ళాల్సినవాళ్ళు ఇంకోదాని ముందు తేలుతుంటారు.

రెండింటికీ చాంగీ నుంచి ఎంఆర్‌టీలో (అక్కడి మెట్రో రైలు) మొదట తానా మేరాకు వెళ్ళి, అక్కడ ఆకుపచ్చ లైన్‌లోకి మారాలి. మెరీనా బే అయితే సిటీ హాల్‌లో దిగి ఎర్ర లైన్ ఎక్కండి, చివరి స్టేషన్ మెరీనా సౌత్ పియర్. అక్కడి నుంచి పెట్టె లాక్కుంటూ నడిచి వెళ్ళేంత దూరమే. హార్బర్‌ఫ్రంట్ అయితే ఆకుపచ్చ లైన్‌లోనే ఔట్రమ్ పార్క్ దాకా వెళ్ళి ఊదా లైన్ ఎక్కండి, తర్వాతి స్టేషనే హార్బర్‌ఫ్రంట్. ఏ దారైనా గంట అనుకోండి. మనిషికి రెండు సింగపూర్ డాలర్లకు కాస్త అటూఇటూ. అదే టాక్సీకి ఎయిర్‌పోర్టు సర్‌ఛార్జితో కలిపి పాతిక నుంచి ముప్పై అయిదు డాలర్లు.

టికెట్టు కొనక్కర్లేదు, వీసా కార్డు గానీ మాస్టర్‌కార్డ్ గానీ గేటుకు తాకిస్తే చాలు. విదేశీ కార్డుకు వాడిన రోజున 60 సెంట్ల అదనపు రుసుము పడుతుంది. ఒక్కొక్కరికి ఒక్కో కార్డు ఉండాలి, ఒకే కార్డు తాకించి ఇద్దరు వెళ్ళలేరు. మన బ్యాంకుల కార్డుల్లో విదేశీ వాడకం, కాంటాక్ట్‌లెస్ రెండూ ఆర్‌బీఐ నిబంధన ప్రకారం మనం ఆన్ చేస్తేనే పనిచేస్తాయి. చెన్నైలో ఉండగానే బ్యాంకు యాప్‌లో రెండూ ఆన్ చేసుకోండి. చాంగీ గేటు దగ్గర ఎర్ర దీపం వెలిగాక ఓటీపీ కోసం చూస్తే, రోమింగ్ లేని మన సిమ్‌కు అక్కడ సిగ్నలుండదు.

ఓడ సింగపూర్ నుంచి బయల్దేరి మలేసియానో థాయ్‌లాండో తాకి తిరిగి సింగపూరే వస్తుంది కాబట్టి వీసా మీద ఒకటికంటే ఎక్కువసార్లు ప్రవేశం అని ఉండాలి. మిగతా దేశాల వీసా సంగతీ టికెట్టు కొన్నప్పుడే అడిగి తెలుసుకోండి.