పాత తేదీల ఫైళ్లు బ్యాకప్‌లోకి ఎందుకు రాలేదు?

ప్రశ్న: మా గ్రంథాలయంలోని పాత ఫొటోల స్కాన్లను బుధవారం ఒక జిప్ నుంచి లైనక్స్ కంప్యూటర్‌లోకి విప్పాను. అక్కడ ఆదివారం పూర్తి బ్యాకప్, మిగతా రాత్రుళ్లు ఆదివారం తర్వాత మారినవాటిని మాత్రమే తీసే టార్ (ఫైళ్లను ఒకే కట్టగా చేర్చే ప్రోగ్రాం) బ్యాకప్ నడుస్తాయి. శుక్రవారం చూస్తే ఈ ఫొటోల్లో ఒక్కటీ బ్యాకప్‌లో లేదు. దోషం ఎక్కడుంది? (ఒక పాఠకురాలు, తెనాలి)

జవాబు: ముందుగా ఆ ఫోల్డరును ఈరోజే వేరే డిస్కులోకి కాపీ చేయండి; కారణం ఆ తర్వాత చూడవచ్చు.

జిప్‌ను విప్పినప్పుడు ప్రతి ఫైలుకూ లోపల నమోదై ఉన్న పాత తేదీయే తిరిగి వస్తుంది. ఏదైనా ఒక ఫొటో మీద స్టాట్ ఆదేశం ఇచ్చి చూడండి: 'మాడిఫై' (ఫైలులోని విషయం చివరిసారి మారిన తేదీ) వరుసలో 2009 అని ఉన్నా, 'చేంజ్' (ఫైలు గురించిన వివరాలు ఈ డిస్కులో చివరిసారి మారిన తేదీ) వరుసలో మొన్నటి బుధవారమే కనిపిస్తుంది. మీ స్క్రిప్టులో 'న్యూయర్-ఎంటైమ్' అనే ఐచ్ఛికం ఉండి ఉంటుందని నా అనుమానం. అది మొదటి తేదీని మాత్రమే చూస్తుంది కనుక, నిన్నగాక మొన్న డిస్కులోకి వచ్చిన ఫైలును పాతదిగా లెక్కగట్టి వదిలేస్తుంది. దాని బదులు 'న్యూయర్' అని రాస్తే రెండు తేదీలనూ చూస్తుంది.

అయితే అదీ పూర్తి రక్షణ కాదు. అదే డిస్కులో ఒక ఫోల్డరును మరో చోటికి జరిపితే, లోపలి ఫైళ్ల తేదీలు రెండూ మారవు. అందుకే లైనక్స్‌లో సాధారణంగా ఉండే గ్నూ టార్‌లోని 'లిస్టెడ్-ఇంక్రిమెంటల్' పద్ధతినే నేను గట్టిగా సిఫారసు చేస్తాను. ఏ ఫోల్డరులో ఏ పేర్లున్నాయో అది స్నాప్‌షాట్ ఫైలులో రాసుకుంటుంది కాబట్టి, గతసారి లేని పేరు కనిపిస్తే తేదీ ఎంత పాతదైనా తీసుకుంటుంది. ప్రతిసారీ ఆ స్నాప్‌షాట్ మారిపోతుంది గనుక, ఆదివారం నాటి దానిని భద్రంగా ఉంచి రోజూ దాని నకలుతో పని చేయించండి. ఈ పద్ధతిలో తీసినదాన్ని తిరిగి విప్పేటప్పుడు మాత్రం ఖాళీ ఫోల్డరులోకే విప్పాలి, ఎందుకంటే బ్యాకప్ జాబితాలో లేని ఫైళ్లను టార్ అక్కడి నుంచి తొలగిస్తుంది.

టచ్ ఆదేశంతో తేదీలన్నీ ఈరోజుకు మార్చేయమని కొందరు చెబుతారు. దయచేసి ఆ పని చేయకండి: వెనుక ఏమీ రాసిలేని ఫొటోకు, అది ఎప్పుడు స్కాన్ అయిందో చెప్పే ఆధారం ఆ తేదీ ఒక్కటే కావచ్చు.

మార్పు చేసిన మర్నాడు ఉదయం, ఆ రాత్రి బ్యాకప్‌లోని పేర్ల జాబితా తీసి, 2009 నాటి ఫొటో ఒకటైనా అందులో ఉందో లేదో కళ్లారా చూసుకోండి.