క్యాంపర్ ఏసీకి గ్యారేజీ వైరు చాలదు

ఎండలు ముదరగానే అమెరికాలోని మనవాళ్ల నుంచి ఒకే ప్రశ్న నాలుగైదు రూపాల్లో వచ్చిపడుతుంది. ఈసారి డాలస్ నుంచి వచ్చింది: “నిరుడు ట్రావెల్ ట్రైలర్ కొన్నాం, అదే కారు వెనక తగిలించుకుని లాక్కెళ్లే క్యాంపర్. మా అత్తమామలు వచ్చారు. ఇంట్లో గదులు చాలక నేనూ పిల్లలూ డ్రైవ్‌వేలో ఆపిన క్యాంపర్‌లో పడుకుంటున్నాం. గ్యారేజీలో ఉన్న 100 అడుగుల నారింజ రంగు ఎక్స్‌టెన్షన్ కార్డుతో కరెంటు ఇచ్చాను. ఏసీ 20 నిమిషాలు నడిచి ఆగిపోతోంది. ప్లగ్గు పట్టుకుంటే చెయ్యి కాలుతోంది. ఏసీ పోయినట్టేనా?”

పోలేదు. ఇలాగే నడిపిస్తే పోతుంది.

ఆ కార్డు పొడవునా చిన్న అక్షరాలు అచ్చేసి ఉంటాయి. ఫోన్ టార్చి వేసి చదవండి. 16/3 అని ఉంటుందని నా పందెం. అంటే లోపల మూడు తీగలు, ఒక్కోటి 16 గేజ్. ఈ గేజ్ లెక్కలో ఒక తిరకాసుంది: అంకె పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుంది. 16 గేజ్ రాగి తీగకు 1000 అడుగులకు 4 ఓమ్‌ల రెసిస్టెన్స్. కరెంటు వెళ్లడమే కాదు, తిరిగి రావాలి కూడా. కాబట్టి 100 అడుగుల కార్డంటే 200 అడుగుల తీగ, 0.8 ఓమ్. క్యాంపర్ నెత్తిన ఉండే 13,500 బీటీయూ (చల్లబరిచే శక్తికి కొలత) ఏసీ 13 ఆంప్స్ లాగుతుందనుకుంటే 10 వోల్టులు దారిలోనే హారతి కర్పూరం. గోడ దగ్గర 120 ఉన్నది ఏసీ దాకా వచ్చేసరికి 110. కంప్రెసర్ అందుకునే క్షణంలో ఇంకా కిందికి. వోల్టేజి తగ్గితే మోటారు ఊరుకోదు, ఎక్కువ కరెంటు లాగి వేడెక్కుతుంది. అప్పుడు దాని లోపలి ఓవర్‌లోడ్ స్విచ్ ఆపేస్తుంది. మీ 20 నిమిషాల కథ అదీ.

దారిలో పోయిన ఆ 10 వోల్టులే 130 వాట్ల వేడి. మన ఇళ్లలో పాతకాలం 100 వాట్ల బల్బు ఎంత వేడెక్కేదో గుర్తుందా? అంతకన్నా ఎక్కువ. కార్డు నేల మీద చాపి ఉంటే ఆ వేడి గాల్లో కలిసిపోతుంది. మిగిలిన 40 అడుగుల్నీ అందంగా చుట్ట చుట్టి, కాళ్లకు అడ్డం పడుతోందని పైన డోర్ మ్యాట్ కప్పితే మాత్రం అదొక హీటరే. ఇక ప్లగ్గు కాలుతోందంటే అక్కడ పట్టు వదులైందని అర్థం. బ్రేకర్ ఉందిగా అనుకోకండి. 15 ఆంప్స్ దాటితేనే అది పడుతుంది. 13 ఆంప్స్ దగ్గర ప్లాస్టిక్ కరుగుతున్నా దానికి తెలియదు.

ఏం కొనాలి? మీది 30 ఆంప్స్ క్యాంపర్ అయితే 10 గేజ్ కార్డు, ఒక చివర 30 ఆంప్స్ ప్లగ్గు, రెండో చివర 30 ఆంప్స్ సాకెట్ ఉన్నది, 25 అడుగులో 50 అడుగులో. 50 ఆంప్స్ క్యాంపర్‌కి 6 గేజ్. ఆరుబయట వాడే కార్డు మీద ఉండే అక్షరాల్లో డబ్ల్యూ కచ్చితంగా ఉండాలి. అది లేనిది ఎండకూ వానకూ తట్టుకోదు. రాగి పూత పూసిన అల్యూమినియం తీగలు చవగ్గా దొరుకుతాయి, వాటి జోలికి పోకండి. రెండు కార్డులు ముడేసి పొడుగు చేయడం అసలే వద్దు. అన్నట్టు, 30కీ 50కీ తేడా 20 కాదు. 30 ఆంప్స్ అంటే 3600 వాట్లు. 50 ఆంప్స్‌లో 120 వోల్టుల లైన్లు రెండుంటాయి గనుక 12,000 వాట్లు.

అయితే ఎంత లావు కార్డు వేసినా గ్యారేజీ సాకెట్ 15 ఆంప్స్‌దే. గంటల తరబడి నడిచే లోడ్‌కి అందులో 80 శాతమే లెక్క, అంటే 12. ఏసీకే చాలడం లేదు, మైక్రోవేవ్ ఊసెత్తకండి. ఫ్రిజ్, గీజర్ గ్యాస్ మీదకు మార్చేయండి. రోజూ పడుకునేది అక్కడే అయితే ఎలక్ట్రీషియన్‌ని పిలిచి క్యాంపర్ సాకెట్ పెట్టించుకోవడమే దారి. అక్కడా ఒక గొయ్యి ఉంది. ఈ 30 ఆంప్స్ సాకెట్ మూడు రంధ్రాలతో పాత బట్టల డ్రయ్యర్ సాకెట్‌కి తోబుట్టువులా ఉంటుంది. అనుభవం లేనివాళ్లు అదే అనుకుని 240 వోల్టులు కలిపేస్తారు. ప్లగ్గు పెట్టిన క్షణంలో మైక్రోవేవ్, ఛార్జర్, ఏసీ బోర్డు అన్నీ మాడిపోతాయి. ఎలక్ట్రీషియన్ వెళ్లకముందే మల్టీమీటర్ పెట్టి 120 చూపించమనండి. మొహమాటపడకండి.

రెండో ఉత్తరం న్యూజెర్సీ నుంచి. “క్యాంపర్ ప్లగ్గు పెట్టగానే గ్యారేజీలో జీఎఫ్‌సీఐ సాకెట్ ట్రిప్ అవుతోంది. మామూలు సాకెట్ వేసేస్తే సరిపోతుందా? ఇంకో సందేహం. ఎర్త్ పిన్ లేని రెండు పిన్నుల అడాప్టర్ పెడితే బాగానే పనిచేస్తోంది, వాడొచ్చా?”

ఇది చదివి ఒక కాఫీ తాగొచ్చాకే జవాబు రాస్తున్నాను.

జీఎఫ్‌సీఐ అనేది షాక్ నుంచి కాపాడే సాకెట్. 5 మిల్లీ ఆంప్స్ పక్కదారి పట్టినా కట్ చేసేస్తుంది. మీది ట్రిప్ అవుతోందంటే కరెంటు వెళ్లిన దారినే తిరిగి రాకుండా ఎక్కడో పక్కకి పోతోంది. కార్డు ప్లగ్గులో తడి కావచ్చు, గీజర్ ఎలిమెంట్ చెడి ఉండొచ్చు, క్యాంపర్ లోపల న్యూట్రల్, ఎర్త్ ఎక్కడో కలిసిపోయి ఉండొచ్చు. ఒక్కొక్క బ్రేకరే వేస్తూ చూస్తే గీజర్ సంగతి తేలిపోతుంది. న్యూట్రల్, ఎర్త్ కలిసిన చోటు మాత్రం టెక్నీషియనే వెతకాలి. మీరు మాత్రం అరిచే కుక్కకు మూతి కట్టేద్దామంటున్నారు. పైగా ఎర్త్ పిన్ను కూడా తీసేశారు.

మనవాళ్లకు ఎర్త్ అంటే మొదట్నుంచీ అలుసే. పెళ్లి షామియానాల కింద సాకెట్లో ఉత్త వైర్లు దూర్చి, ఊడకుండా అగ్గిపుల్లలు గుచ్చిన దృశ్యం చూడనివాళ్లుంటారా? ఎర్త్ రంధ్రం అక్కడ ఖాళీగా వెక్కిరిస్తుంటుంది. ఇంట్లో అయితే ఏదోలా గడిచిపోతుందేమో గానీ క్యాంపర్‌లో గడవదు. అది రబ్బరు టైర్ల మీద నిలబడ్డ ఇనుప పెట్టె. లోపల ఒక తీగ ఒరుసుకుని బాడీకి తగిలితే, ఎర్త్ లేనప్పుడు ఆ కరెంటుకి దారి లేదు. బాడీ మొత్తం 120 వోల్టులతో కూర్చుంటుంది. లోపలున్నవాళ్లకు ఏమీ తెలియదు. ఫ్యాన్ తిరుగుతుంది, లైటు వెలుగుతుంది. పొద్దున్నే తడి గడ్డి మీద చెప్పుల్లేకుండా నిలబడి తలుపు హ్యాండిల్ పట్టుకున్న మనిషే ఆ దారి. మీ ఉత్తరంలో అమ్మగారు ఉదయం మొక్కలకు నీళ్లు పోస్తారని రాశారు, అందుకే ఇంత చెబుతున్నాను. “కొంచెం జివ్వుమంది” అని ఎవరైనా అంటే నవ్వి ఊరుకోకండి. క్యాంపర్‌ని ముట్టుకోకుండా ముందు ఇంట్లోకి వెళ్లి బ్రేకర్ ఆపండి.

వైరు తగలకుండానే కరెంటుని పసిగట్టే పెన్ టెస్టర్ చవకే. ప్లగ్గు పెట్టాక దాన్ని క్యాంపర్ బాడీ దగ్గరికి తీసుకెళ్లండి. అరిచిందా, ముట్టుకోవద్దు. మూడు లైట్ల సాకెట్ టెస్టర్ ఒక్కదాన్నే నమ్మకండి. కొన్ని పాత ఇళ్లలో ఎర్త్ లేక న్యూట్రల్‌నే ఎర్త్ పిన్నుకు కలిపేస్తారు. ఫేజ్, న్యూట్రల్ కూడా తారుమారైతే బాడీ మీద పూర్తి కరెంటు ఉంటుంది, ఆ టెస్టర్ మాత్రం అంతా సవ్యమేనని చూపిస్తుంది.

సర్జ్ ప్రొటెక్టర్ కొన్నాం కదా అని చాలామంది ధీమా. పిడుగుపాటుకో మరోదానికో వోల్టేజి ఎగదన్నినప్పుడే అది పనికొస్తుంది. వోల్టేజి పడిపోయినా, ఎర్త్ లేకపోయినా కరెంటే లోపలికి పోనివ్వని పెట్టెలు వేరే ఉన్నాయి. ఖరీదెక్కువ, కొనదగ్గవి. కానీ ఈ మధ్య వీటికీ బ్లూటూత్ తెగులు పట్టింది. కొన్నింట్లో వోల్టేజి ఎంతో చూపించే చిన్న తెర తీసేసి యాప్‌లో పెట్టారు. యాప్ తెరిస్తే లొకేషన్ అడుగుతుంది, అకౌంట్ అడుగుతుంది, ఆ పైన అప్‌డేట్ అంటుంది. చీకట్లో, వానలో, సిగ్నల్ లేని క్యాంప్‌గ్రౌండ్‌లో పాస్‌వర్డ్ మర్చిపోయి నిలబడ్డ మనిషికి కావాల్సింది మూడు అంకెలు. వాటికి లాగిన్ ఎందుకండీ? అంకెలు పెట్టె మీదే కనిపించేవి ఇంకా దొరుకుతున్నాయి, అవే కొనండి.

చివరగా విశాఖ నుంచి ఒక చిన్న ప్రశ్న: “వ్యాన్‌ని క్యాంపర్‌గా మార్చుకుని అరకు వెళ్తున్నాం. రిసార్ట్ సాకెట్ నుంచి జంక్షన్ బాక్స్ లాగి 2000 వాట్ల ఇండక్షన్ స్టవ్ పెట్టుకోవచ్చా?”

230 వోల్టుల దగ్గర 2000 వాట్లంటే దాదాపు 9 ఆంప్స్. మామూలు జంక్షన్ బాక్స్ 6 ఆంప్స్‌ది. లావు పిన్నుల ప్లగ్గుకి కన్వర్టర్ తగిలించి అందులో దూర్చడం కుదురుతుంది, అందుకే అది ప్రమాదం. 2.5 స్క్వేర్ ఎంఎం మూడు తీగల రాగి వైరు తీసుకుని, ఒక వైపు 16 ఆంప్స్ ప్లగ్గు, రెండో వైపు 16 ఆంప్స్ సాకెట్ పెట్టించుకోండి. పెట్టే ముందు రిసార్ట్ సాకెట్లో ఎర్త్ ఉందో లేదో చూపించమని అడగండి. లేదంటే గ్యాస్ స్టవ్ తీసుకెళ్లి, దాన్ని వ్యాన్ బయట పెట్టి వండుకోండి.