యాక్సిలరేటర్ తొక్కినప్పుడే కారు పక్కకు లాగుతుంటే?

మామూలు వేగంలో తిన్నగా వెళ్తూ, యాక్సిలరేటర్ తొక్కగానే ఒక పక్కకు లాగుతుంటే వెంటనే అలైన్‌మెంట్‌కు (చక్రాల కోణాలు సరిచేయడానికి) ఇవ్వకండి. ముందు టైర్లు చల్లగా ఉన్నప్పుడు గాలి సరిచూడండి. తర్వాత ఖాళీ రోడ్డు మీద తొక్కి, వదిలి చూడండి. తొక్కితే ఒక పక్కకు, వదిలితే రెండో పక్కకు పోతే మొదటి అనుమానం లోయర్ ఆర్మ్ బుష్ (చక్రాన్ని కారు కింది ఫ్రేమ్‌కు కలిపే ఆర్మ్‌లో ఉండే రబ్బరు కీలు) మీదే. రబ్బరు చిరిగితే ఇంజిన్ లాగుడుకు ఆర్మ్ జరిగి చక్రం కోణం మారుతుంది. కారును స్టాండ్ల మీద నిలిపి, బుష్ పక్కన రాడ్డుతో కదపండి. పగులు ఉంటే అది తెరుచుకోవడం కంటికే కనిపిస్తుంది. సబ్‌ఫ్రేమ్ (ఆర్మ్‌లు బిగించే కింది ఫ్రేమ్) బోల్టులు, ఇంజిన్ మౌంట్లు (ఇంజిన్‌ను పట్టి ఉంచే రబ్బరు దిమ్మలు) కూడా చూడాలి. బుష్ మారిస్తే, కొత్తదాని బోల్టును కారు బరువు చక్రాల మీద పడ్డాకే పూర్తిగా బిగించాలి, లేకుంటే రబ్బరు మెలిపడి త్వరగా చిరుగుతుంది. అలైన్‌మెంట్ ఆ తర్వాతే. ముందు చక్రాలకు శక్తి అందే కార్లలో, ఆ శక్తిని చక్రాలకు చేర్చే డ్రైవ్ షాఫ్టుల పొడవు తేడా వల్ల గట్టిగా తొక్కినప్పుడు కొంచెం లాగడం మామూలే.